సొంత దీవికి అనుమతి దొరకని మనిషి: ఎడ్డీ కొయికి మాబో

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుడి జీవితం రాసి పంపమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు నాకు ముందుగా అంబేద్కర్ గారు, పూలే గారు, జాషువా గారే గుర్తొచ్చారు. వాళ్ళ గురించి పాత సంచికల్లో మన సీనియర్లు నాకంటే బాగా రాశారు. స్టడీ అవర్‌లో పాఠం పుస్తకం మధ్యలో పెట్టుకుని ఆ వ్యాసాలు చదివిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందుకని ఈసారి మన హాల్లో ఫోటో లేని ఒకాయన గురించి రాస్తున్నాను. ఆయనది ఆస్ట్రేలియా దేశం. పేరు ఎడ్డీ కొయికి మాబో. ఆయన చనిపోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఒక యూనివర్సిటీలో తోటమాలిగా మొక్కలకు నీళ్ళు పోసి, గడ్డి కోసిన మనిషి. అదే యూనివర్సిటీ లైబ్రరీకి 2008లో ఆయన పేరు పెట్టారు.

ఆయన పేరు నాకు తెలిసింది ఎం.ఏ. మొదటి సంవత్సరంలో. సెమినార్ కోసం చీటీలు తీయమన్నారు. పూర్వీకుల నేల మీదికి వెళ్ళి తమ ఆచారాలు జరుపుకోవడానికి ఆదివాసులకు హక్కు ఇచ్చే చట్టబద్ధమైన ఒప్పందాలు అనే అంశం నా చీటీలో వచ్చింది. చదవగానే నాకు అర్థం కాలేదు. తాత ముత్తాతల చోటుకి పోయి దణ్ణం పెట్టుకోవడానికి కాగితం మీద సంతకాలు ఎందుకు అనుకున్నాను. వారం రోజులు లైబ్రరీలో కూర్చున్నాక ఆ సంతకాల వెనక ఉన్న మనుషుల్లో అందరికంటే ముందు మాబో కనిపించాడు.

ఆస్ట్రేలియాకీ పాపువా న్యూగినీకీ మధ్యన టోరెస్ జలసంధి అని ఒక సముద్ర భాగం ఉంది. అందులో తూర్పు వైపున మెర్ అనే చిన్న దీవి ఉంది. తెల్లవాళ్ళు దానికి ముర్రే ఐలాండ్ అని పేరు పెట్టుకున్నారు. మెర్, పక్కనున్న దౌర్, వయ్యెర్ అనే రెండు దీవులు అన్నీ కలిపినా తొమ్మిది చదరపు కిలోమీటర్ల నేల. మన దగ్గర ఒక పెద్ద ఊరి పొలాలు అంతకంటే ఎక్కువే ఉంటాయి. అక్కడి వాళ్ళని మెరియమ్ ప్రజలు అంటారు. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలోని ఆదివాసులు వేరు, ఈ దీవుల వాళ్ళు వేరు. భాష వేరు, బతుకు వేరు. వీళ్ళు చేపలు పడతారు, తోటలు వేస్తారు. 1879లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం ఈ దీవుల్ని తనలో కలిపేసుకుంది. అప్పటి నుంచి దీవుల వాళ్ళు ఎక్కడ పని చేయాలి, కూలి డబ్బు ఎంత చేతికి రావాలి, ఎక్కడికి వెళ్ళాలి అన్నది అధికారుల చేతిలోకి పోయింది. వాళ్ళ మీద పెట్టిన అధికారిని ప్రొటెక్టర్, అంటే రక్షకుడు అని పిలిచేవారు. పేరు చూస్తే నవ్వొస్తుంది. 1936లో ముత్యపు చిప్పల పడవల మీద పనిచేసే దీవుల కూలీలు ఆ రక్షకుడి పెత్తనానికి వ్యతిరేకంగా నెలల తరబడి సమ్మె చేశారు.

ఆ సమ్మె జరిగిన ఏడాదే, 1936 జూన్ 29న, మెర్ దీవిలోని లాస్ అనే పల్లెలో కొయికి పుట్టాడు. పుట్టిన కొద్ది రోజులకే తల్లి చనిపోయింది. తల్లి అన్నదమ్ముల్లో ఒకరైన బెన్నీ మాబో, ఆయన భార్య మైగా ఆ పసిబిడ్డని తెచ్చుకుని పెంచారు. మెరియమ్ ఆచారంలో ఇది చాలా మామూలు సంగతి. అలా పెంచుకున్న బిడ్డకి ఇంటి పేరు, తోట, హద్దులు అన్నీ వస్తాయి. కాగితాలు ఉండవు, రిజిస్ట్రేషన్ ఉండదు, అందరికీ తెలిసే ఉంటుంది. పుట్టినింటి పేరు సాంబో. పెంచినవారి పేరు మాబో. ఈ పెంపకం సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీనితో పని ఉంది.

మెర్‌లో ప్రతి తోటకీ హద్దు ఉంది. ఫలానా చెట్టు నుంచి ఫలానా రాయి దాకా ఫలానా కుటుంబానిది అని చిన్నపిల్లలకి కూడా నేర్పుతారు. మాలో అనే దైవం పెట్టిన కట్టుబాట్లు అక్కడ ఉన్నాయి. పరాయి తోటలో చెయ్యి పెట్టకూడదు, పరాయి నేల మీద అడుగు వేయకూడదు, ఎవరి దారిలో వాళ్ళు నడవాలి. బెన్నీ మాబో తన కొడుకుని వెంట తీసుకెళ్ళి ఆ హద్దులన్నీ చూపించాడు. బడిలో రాబర్ట్ మైల్స్ అనే తెల్ల ఉపాధ్యాయుడు పిల్లవాడికి ఇంగ్లీషు బాగా నేర్పాడు. ఆ ఇంగ్లీషు తనకు జీవితాంతం పనికొచ్చిందని మాబో చెప్పుకునేవాడు. మనలో ఎంతమంది వెనక ఇలాంటి ఒక మాస్టారు ఉన్నారో లెక్క వేసుకుంటే తెలుస్తుంది.

కుర్రతనంలో ఏదో తప్పు చేశాడని పదహారేళ్ళ వయసులో ద్వీప కోర్టు ఆయన్ని దీవి నుంచి పంపించేసింది. ముత్యపు చిప్పల పడవల మీద పని చేశాడు. తర్వాత ప్రధాన భూభాగానికి చేరి చెరకు కొట్టాడు, రైలు పట్టాల మీద కూలి పని చేశాడు, టౌన్స్‌విల్ అనే ఊళ్ళో రేవు పనికి వెళ్ళాడు. 1959లో బోనిటా నీహౌ అనే ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె పూర్వీకులు చెరకు తోటల్లో పని కోసం పసిఫిక్ దీవుల నుంచి తెచ్చిన కూలీలు. పదిమంది పిల్లల్ని పెంచారు, వాళ్ళలో ముగ్గురు పెంపుడు పిల్లలు. ఆ రోజుల్లో టౌన్స్‌విల్‌లో నల్లవాళ్ళకి ఇల్లు అద్దెకి దొరకడమే కష్టం. మాబో యూనియన్లలో తిరిగాడు, ఆదివాసుల సంఘంలో కార్యదర్శిగా పనిచేశాడు. 1967లో ఆదివాసుల్ని జనాభా లెక్కల్లో చేర్చాలా వద్దా అని దేశమంతా ఓటింగ్ జరిగినప్పుడు అందులోనూ తిరిగాడు.

ఆ 1967లోనే ఆయనకి టౌన్స్‌విల్ యూనివర్సిటీ కాలేజీలో తోటమాలి ఉద్యోగం వచ్చింది. 1970లో అదే జేమ్స్ కుక్ యూనివర్సిటీ అయింది. ఇక్కడి నుంచి ఆయన కథ నాకు మరీ ఇష్టం. పని అయిపోయాక, భోజనం వేళల్లో, ఆయన లైబ్రరీకి వెళ్ళేవాడు. 1898లో ఇంగ్లాండ్‌లోని కేంబ్రిడ్జి నుంచి హాడన్ అనే ప్రొఫెసరు ఒక బృందాన్ని తీసుకుని టోరెస్ దీవులకు వచ్చి అక్కడి ఆచారాలు, పాటలు, వంశవృక్షాలు, భూమి పద్ధతులు రాసుకుపోయాడు. అవి ఆరు పెద్ద సంపుటాలుగా అచ్చయ్యాయి. తన దీవి గురించి తెల్లవాళ్ళు రాసిన ఆ పుస్తకాలు అలమరల్లో మాబోకి దొరికాయి. చేతులు కడుక్కుని వచ్చి ఒక తోటమాలి తన తాతల పేర్లు ఆ పేజీల్లో వెతుక్కుంటున్న దృశ్యం ఒకసారి ఊహించుకోండి. కొన్ని చోట్ల వాళ్ళు తప్పు రాశారని కూడా ఆయనకి తెలిసిపోయేది. సెమినార్లు జరుగుతుంటే వెనక కూర్చుని వినేవాడు.

అక్కడ హెన్రీ రేనాల్డ్స్, నోయెల్ లూస్ అనే ఇద్దరు చరిత్ర అధ్యాపకులు ఆయనకి స్నేహితులయ్యారు. ఒక రోజు మధ్యాహ్నం రేనాల్డ్స్ గదిలో ముగ్గురూ భోజనం చేస్తూ మాట్లాడుకుంటున్నారు. మాబో ఎప్పటిలాగే మెర్‌లో తన భూమి, తన తోట, తన హద్దులు అని చెప్తున్నాడు. ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెప్పక తప్పదని చెప్పారు. చట్టం ప్రకారం మెర్‌లో ఆయనకి భూమి ఏమీ లేదు, ఆ దీవి అంతా క్రౌన్ భూమి, అంటే సర్కారు భూమి. మాబో నిర్ఘాంతపోయాడని, అసలు నమ్మలేకపోయాడని రేనాల్డ్స్ తర్వాత రాశాడు. తన తండ్రి చేత్తో చూపించిన తోట తమది కాదని ఎక్కడో ఉన్న కాగితం చెబుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

దాదాపు అదే కాలంలో ఇంకొకటి జరిగింది. 1970ల మొదట్లో మెర్‌లో బెన్నీ మాబోకి జబ్బు ముదిరింది. చివరి చూపు కోసం మాబో భార్యాపిల్లల్ని వెంటబెట్టుకుని బయలుదేరాడు. అప్పట్లో ఆ దీవుల్లో అడుగు పెట్టాలంటే అనుమతి కావాలి. దీవిలో పుట్టిన వాడైనా సరే, బయట స్థిరపడితే బయటి వాడి కిందే లెక్క. పైగా ఈయన యూనియన్ల మనిషి, గొడవల మనిషి అని పేరు. అనుమతి ఇవ్వలేదు. సముద్రం మధ్యలో దారి దాకా వెళ్ళి వెనక్కి తిరిగి వచ్చాడు. ఆరు వారాల తర్వాత తండ్రి చనిపోయాడని కబురు వచ్చింది.

నా సెమినార్ కాగితాల్లో ఈ సంగతి రాసుకుంటూ నేను కలం ఆపేశాను. మా ఊళ్ళో మా పేట శ్మశానానికి దారి ఒక ఆసామి చేలోంచి పోతుంది. సంక్రాంతికి పెద్దలకు పెట్టుకోవడానికి బట్టలు, వంటకాలు పట్టుకుని ఆ దారినే వెళ్తాం. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా హాస్టల్ నుంచి పండక్కి ఇంటికి వెళ్ళాను. ఆ ఏడు చేను చేతులు మారింది. కొన్నాయన దారికి అడ్డంగా ముళ్ళకంప కొట్టించాడు. మా నాన్న, బాబాయి తలగుడ్డలు తీసి చేతిలో పట్టుకుని అడిగారు. దారి అని కాగితంలో ఎక్కడ ఉందో చూపించమన్నాడు ఆయన. కాగితంలో లేదు, అది నిజమే. పొద్దు వాలేదాకా నిలబడ్డాం. చివరికి మినుము చేను తొక్కకుండా గట్టు మీద ఒక్కొక్కళ్ళే వెళ్ళి రమ్మన్నాడు. మా నానమ్మ గట్టు మీద నడవలేక వెనక్కి వెళ్ళిపోయింది. తాతకి ఆమె తెచ్చిన పంచె నేను తీసుకెళ్ళి సమాధి మీద పెట్టాను. ఆ రోజు నాకు కోపం వచ్చిందో సిగ్గు వేసిందో ఇప్పటికీ తెలియదు. సెమినార్‌లో మాత్రం ఇది చెప్పలేదు. ఇది మన హాస్టల్ పుస్తకం కాబట్టి ఇక్కడ చెప్తున్నాను.

మళ్ళీ మాబో దగ్గరికి వద్దాం. 1973లో ఆయన, బోనిటా మరికొందరితో కలిసి టౌన్స్‌విల్‌లో నల్లవాళ్ళ పిల్లల కోసం ఒక బడి పెట్టారు. పదిమంది పిల్లలతో మొదలైంది. మామూలు బడుల్లో తమ పిల్లలు చివరి బెంచీల్లో కూర్చుని భాష మర్చిపోతున్నారని ఆయన బాధ. ఇక్కడ చదువుతో పాటు దీవుల పాటలు, ఆటలు, కథలు నేర్పేవాళ్ళు. ఊళ్ళో పత్రికలు, అధికారులు దాన్ని వేరుపాటు బడి అని విమర్శించారు. డబ్బుకి ఎప్పుడూ కటకటే. అయినా 1985 దాకా నడిచింది. బోనిటా అక్కడ పిల్లలకి అన్నీ తానై చూసుకునేది. ఇంటి ఖర్చు కూడా ఎక్కువగా ఆమె మీదే పడేది. మాబో మీటింగులకి తిరిగిన రోజుల్లో పదిమంది పిల్లల్ని ఎవరు సాకారన్న సంగతి చాలా వ్యాసాల్లో ఒక్క వాక్యంతో సరిపెడతారు. నేను కూడా అంతకంటే ఎక్కువ రాయలేకపోతున్నాను.

1981 ఆగస్టులో జేమ్స్ కుక్ యూనివర్సిటీలో భూమి హక్కుల మీద ఒక సదస్సు జరిగింది. ఒకప్పుడు ఆ ఆవరణలో గడ్డి కోసిన మాబో ఇప్పుడు వేదిక ఎక్కి, మెర్‌లో భూమి తండ్రి నుంచి బిడ్డకి ఎలా వస్తుందో, హద్దులు ఎలా గుర్తుపెట్టుకుంటారో వివరంగా చెప్పాడు. ఆ సభలో కొందరు లాయర్లు ఉన్నారు. దీని మీద హైకోర్టులో కేసు వేయవచ్చని ఆలోచన అక్కడే పుట్టింది. ఆస్ట్రేలియాలో హైకోర్టు అంటే దేశంలో అన్నిటికంటే పెద్ద కోర్టు, మన సుప్రీంకోర్టు లాంటిది.

కేసు ఎందుకు అంత కష్టమో కొంచెం చెప్పాలి. బ్రిటిష్ వాళ్ళు 1788లో ఆస్ట్రేలియాలో దిగినప్పుడు అక్కడ వేల ఏళ్ళుగా మనుషులు ఉన్నారు. అయినా అది ఎవరిదీ కాని నేల అన్నట్టుగానే చట్టం నడిచింది. లాటిన్‌లో దీన్ని టెర్రా నల్లియస్ అంటారు. ఎవరిదీ కానప్పుడు కొనక్కర్లేదు, సంధి చేసుకోనక్కర్లేదు, అడగనక్కర్లేదు. న్యూజిలాండ్‌లో మావోరీలతో 1840లో సంధి రాసుకున్న బ్రిటిష్ వాళ్ళు ఆస్ట్రేలియాలో ఒక్క సంధి కూడా రాసుకోలేదు. 1971లో యోల్న్‌గు అనే ఆదివాసులు తమ నేల మీద బాక్సైట్ తవ్వకాన్ని ఆపమని కోర్టుకి వెళ్తే, వాళ్ళకి ఆ నేలతో లోతైన ఆధ్యాత్మిక బంధం ఉందని ఒప్పుకుంటూనే దాన్ని ఆస్తి హక్కుగా చట్టం గుర్తించదని తీర్పు వచ్చింది. అంతకు ముందున్న దారి అది.

1982 మే 20న ఐదుగురు మెరియమ్ వాళ్ళు క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం మీద కేసు వేశారు. ఎడ్డీ మాబో, శామ్ పాసీ, ఫాదర్ డేవిడ్ పాసీ, జేమ్స్ రైస్, సెలూయా మాపో సలీ అనే పెద్దావిడ. లాయర్లు రాన్ కాస్టన్, గ్రెగ్ మెకింటైర్, బ్రయాన్ కీన్-కోహెన్. మాబో పేరు ముందు ఉండటం వల్ల అది మాబో కేసు అయింది.

కేసు నడుస్తుండగా 1985లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. దీవుల వాళ్ళకి ఏవైనా పాత హక్కులు ఉండి ఉంటే అవి 1879లోనే పోయినట్టు లెక్క, పరిహారం కూడా ఇవ్వనక్కర్లేదు అని అందులో రాశారు. అంటే వాదన తేలక ముందే వాదించడానికి ఏమీ మిగలకుండా చేయడం. మాబో వర్గం ఆ చట్టం మీదే పోరాడాల్సి వచ్చింది. 1988 డిసెంబరులో హైకోర్టు నలుగురు ఒక వైపు, ముగ్గురు ఒక వైపుగా తీర్పు ఇచ్చి, ఆ చట్టం 1975 నాటి జాతి వివక్ష నిషేధ చట్టానికి విరుద్ధమని కొట్టేసింది. ఒక్క జడ్జి అటు మారి ఉంటే మాబో పేరు మనం విని ఉండేవాళ్ళం కాదు.

అసలు బాధ తర్వాత వచ్చింది. సాక్ష్యాలు పరిశీలించి నిజానిజాలు తేల్చే పనిని హైకోర్టు క్వీన్స్‌లాండ్ కోర్టు జడ్జి మొయినిహన్‌కి అప్పగించింది. 1989లో కోర్టు మెర్ దీవికే వెళ్ళి విచారణ జరిపింది, జడ్జి హద్దులు కూడా నడిచి చూశాడు. కొందరు దీవి వాళ్ళే మాబోకి ఎదురు సాక్ష్యం చెప్పారు. మాబో రోజుల తరబడి బోనులో నిలబడ్డాడు. ప్రభుత్వం తరపు లాయర్లు ఆయన చెప్పింది విన్న మాటలే తప్ప సాక్ష్యం కాదని మాటిమాటికీ అభ్యంతరం చెప్పారు. తాత నోటి మాట తండ్రికి, తండ్రి నోటి మాట కొడుక్కి వచ్చే చోట ఇంకేం సాక్ష్యం ఉంటుంది? 1990 నవంబరులో జడ్జి నివేదిక వచ్చింది. మెరియమ్ వాళ్ళకి భూమి పద్ధతి ఉందన్న వాదనకి అందులో చాలా బలం దొరికింది. కానీ ఎడ్డీ మాబో బెన్నీ మాబోకి పెంపుడు కొడుకు అన్న మాట నమ్మలేమని రాశాడు. వ్యక్తిగతంగా ఆయన అడిగిన భూములేవీ ఆయనకి రుజువు కాలేదన్నాడు.

కేసు అందరికీ నిలిచింది, ఆయనకి పోయింది. పైగా పోయింది భూమి ఒక్కటే కాదు. ఏ తండ్రి చివరి చూపుకి ఆయన్ని రానివ్వలేదో ఆ తండ్రి ఆయన తండ్రే కాదన్నట్టు రికార్డులో ఉండిపోయింది. ఈ దెబ్బకి ఆయన కుంగిపోయాడని దగ్గరివాళ్ళు రాశారు. అయినా కేసు ఆపమని అనలేదు. తన సొంత వాదన పక్కన పెట్టి, మిగిలిన వాళ్ళ పేరు మీద హైకోర్టులో ముందుకు పోవడానికి ఒప్పుకున్నాడు. ఐదుగురిలో సెలూయా సలీ అప్పటికే చనిపోయింది. శామ్ పాసీ తప్పుకున్నాడు. చివరికి డేవిడ్ పాసీ, జేమ్స్ రైస్ మిగిలారు. నాకు ఈ మనిషి మీద గౌరవం కలిగింది గెలిచిన తీర్పు వల్ల కాదు, ఈ చోట.

1992 జనవరి 21న బ్రిస్బేన్‌లో క్యాన్సర్‌తో మాబో చనిపోయాడు. వయసు 55. టౌన్స్‌విల్‌లో ఖననం చేశారు. నాలుగున్నర నెలల తర్వాత, 1992 జూన్ 3న, హైకోర్టు తీర్పు వచ్చింది. ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు మెరియమ్ ప్రజల వైపు నిలిచారు. ముర్రే దీవుల నేలని తమదిగా ఉంచుకుని, నివసించి, వాడుకుని, అనుభవించే హక్కు మెరియమ్ ప్రజలకి ఉందని, అది తెల్లవాళ్ళు రాకముందు నుంచీ ఉన్నదని, జెండా పాతినంత మాత్రాన పోలేదని తేల్చారు. ఎవరిదీ కాని నేల అన్న మాటకి చట్టంలో చోటు లేకుండా పోయింది. ఈ హక్కుకి నేటివ్ టైటిల్ అని పేరు. ఇది ప్రభుత్వం దయతో ఇచ్చే పట్టా కాదు. ముందే ఉన్న హక్కుని గుర్తించడం మాత్రమే. అదే ఏడాది మాబోకి, తోటి వాదులకి ఆస్ట్రేలియా మానవ హక్కుల పతకం ఇచ్చారు.

తీర్పుతో అందరి భూములూ తిరిగి వచ్చేశాయని ఎవరైనా అనుకుంటే పొరపాటు. పట్టా ఇచ్చి అమ్మేసిన భూముల మీద ఆ హక్కు పోయినట్టే అన్నారు. అలా పోయినదానికి పరిహారం రాదని ఎక్కువమంది జడ్జీలు అభిప్రాయపడ్డారు. 1993లో పార్లమెంటు నేటివ్ టైటిల్ చట్టం చేసింది. అది 1994 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆస్ట్రేలియాలో లక్షల ఎకరాల మేత భూములు లీజుల మీద పశువుల కంపెనీల దగ్గర ఉన్నాయి. ఆ లీజు ఉన్నంత మాత్రాన ఆదివాసుల హక్కు పూర్తిగా పోదని, రెండూ పక్కపక్కన ఉండవచ్చని, రెండింటికీ పొసగని చోట మాత్రం లీజుదారుడి మాటే చెల్లుతుందని 1996 డిసెంబరులో విక్ అనే కేసులో హైకోర్టు చెప్పింది. రెండు రకాల మనుషులు ఒకే నేల మీద ఉండాలంటే కూర్చుని రాసుకోక తప్పదు. 1998లో చట్టాన్ని సవరించి, ఇలాంటి భూ వినియోగ ఒప్పందాలని రిజిస్టరు చేసే పద్ధతి పెట్టారు. ఆదివాసుల వైపు నుంచి చూస్తే ఆ సవరణల్లో కోల్పోయినవీ చాలానే ఉన్నాయి. ఈ ఒప్పందాల పద్ధతి మాత్రం నిలిచింది.

నా సెమినార్ అంశం ఇదే కాబట్టి ఇంకొంచెం చెప్తాను. రిజిస్టరు అయిన ఒప్పందం ఆ తెగలో అందరికీ వర్తిస్తుంది, సంతకం పెట్టని వాళ్ళకి కూడా. అలాంటివి ఇప్పుడు ఆస్ట్రేలియాలో వెయ్యికి పైగా ఉన్నాయి. గనుల కోసం రాసుకున్నవి ఉన్నాయి, రోడ్ల కోసం రాసుకున్నవి ఉన్నాయి. వాటిలో నన్ను ఆకట్టుకున్నవి మేత భూముల్లోకి రాకపోకల గురించి రాసుకున్నవి. ఎప్పుడు రావచ్చు, ఎవరికి ముందుగా కబురు చెప్పాలి, ఏ దారిలో బండి నడపాలి, గేటు తీస్తే మళ్ళీ మూయాలి, ఎక్కడ గుడారం వేసుకోవచ్చు, ఎక్కడ వేటాడకూడదు, ఏ గుట్టకి, ఏ నీటి మడుగుకి, ఏ సమాధికి వెళ్ళి తమ తంతు జరుపుకోవచ్చు. చదువుతుంటే చాలా చిన్న విషయాల్లా ఉంటాయి. మా ఊరి గట్టు గుర్తుంటే చిన్నగా అనిపించవు. అయితే గని తవ్వకం వద్దని ఖచ్చితంగా ఆపే హక్కు నేటివ్ టైటిల్‌లో లేదు. మాట్లాడుకునే హక్కు మాత్రమే ఉంది. బేరంలో కంపెనీకి ఉన్న బలం, ఎడారిలో ఉన్న వంద కుటుంబాలకి ఉన్న బలం ఒకటి కావు.

కోర్టులో ఓడిపోయి ఒప్పందంతో కొంత సంపాదించుకున్న వాళ్ళూ ఉన్నారు. ముర్రే నది ఒడ్డున యోర్టా యోర్టా అనే ప్రజలు ఉన్నారు. పేరు ఒకటే గానీ ఈ నదికి మాబో దీవితో సంబంధం లేదు. తెల్లవాళ్ళ రాకతో వాళ్ళ ఆచారాల గొలుసు మధ్యలో తెగిపోయింది కాబట్టి హక్కు మిగల్లేదని 2002లో హైకోర్టు తేల్చింది. గొలుసు తెంపింది ఎవరో అందరికీ తెలుసు. అయినా 2004లో విక్టోరియా ప్రభుత్వం, సొంత అటవీ భూముల నిర్వహణలో వాళ్ళ మాట వినేలా వాళ్ళతో ఒప్పందం రాసుకుంది. 2010లో ఆ రాష్ట్రం కోర్టు బయటే ఇలాంటివి పరిష్కరించుకునే చట్టం కూడా చేసింది.

మనవైపు కూడా ఇలాంటి చోట్లు లేకపోలేదు. నల్లమలలో సలేశ్వరం లింగమయ్య చెంచుల దేవుడు. పూజ చేసేదీ చెంచులే. ఆ అడవి ఇప్పుడు పులుల అభయారణ్యం. చైత్ర పున్నమికి అటూ ఇటూ కొద్ది రోజులు అటవీశాఖ అనుమతిస్తేనే జాతర. 2006 అటవీ హక్కుల చట్టంలో ఆచారంగా వస్తున్న హక్కులకి చోటు ఉంది. దాన్ని పట్టుకునే 2013లో సుప్రీంకోర్టు ఒడిశాలోని నియమగిరి కొండ మీద డోంగ్రియా కోందుల దైవ హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలని చెప్పింది. పన్నెండు గ్రామసభలు జరిగితే పన్నెండూ గని వద్దన్నాయి. మాబో కేసుకీ దీనికీ నేరుగా సంబంధం లేదు. కానీ ఆ కొండ సంగతి చదువుతుంటే నాకు మెర్ గుర్తొచ్చింది.

ఇక ఒక్కటే మిగిలింది. మెరియమ్ ఆచారంలో మనిషి పోయాక కొన్నేళ్ళు సంతాపం పాటించి, ఆ తర్వాత సమాధి రాయిని అందరి ముందు తెరుస్తారు. మాబో సమాధి రాయిని 1995 జూన్ 3న, తీర్పు వచ్చి మూడేళ్ళు నిండిన రోజున, టౌన్స్‌విల్‌లో తెరిచారు. పెద్ద పండుగలా జరిగింది. ఆ రాత్రే ఎవరో వచ్చి రాయి మీద ఎర్ర రంగుతో హిట్లర్ గుర్తులు, నల్లవాళ్ళని తిట్టే మాట పూసిపోయారు. చచ్చిపోయిన మనిషి మీద కూడా అంత కోపం ఉంది.

కుటుంబం ఆలోచించి ఆయన్ని అక్కడ ఉంచకూడదని నిర్ణయించింది. 1995 సెప్టెంబరులో ఆయన శరీరాన్ని మెర్‌కి తీసుకెళ్ళి, ఆయన పుట్టిన లాస్‌లో మళ్ళీ ఖననం చేశారు. ఆ రాత్రి దీవి వాళ్ళు ఒక రాజుని సాగనంపేటప్పుడు చేసే పాత తంతు జరిపారు. దాదాపు ఎనభై ఏళ్ళుగా ఆ దీవిలో ఎవరికీ అది జరగలేదు.

బోనిటా ఆ తర్వాత ఇరవై మూడేళ్ళు బతికింది. ఆమె కూడా హక్కుల పనిలోనే ఉంది. 2018 నవంబరులో ఆమె చనిపోవడానికి కొద్ది రోజుల ముందు, భర్త తోటమాలిగా పనిచేసిన ఆ యూనివర్సిటీ ఆమెకి గౌరవ డాక్టరేటు ఇచ్చింది.